మేనకోడలి పెళ్ళి ఫోల్డరు

మొన్న విజయవాడ నుంచి మా మేనకోడలు వచ్చి, పామర్రులో వాళ్ళ నాన్న, అంటే మా తమ్ముడు, నడిపే ఫోటో స్టూడియో కంప్యూటర్లో ఏదో ప్రోగ్రాం వేసి వెళ్ళింది. ఇక కెమెరా మెమరీ కార్డు పెడితే చాలు, ఫోటోలన్నీ ఏ తేదీవి ఆ తేదీ ఫోల్డర్లోకి వాటంతటవే వెళ్ళిపోతాయి. పాతవి కూడా సర్దేసింది. తమ్ముడు మురిసిపోయాడు, నాకు మాత్రం ఒళ్ళు మండింది.

ఆ పని ఇన్నేళ్ళూ నాది. నా ఈడువాళ్ళకు చెప్పనక్కర్లేదు, చిన్న వయసులో భర్త పోయి పుట్టింటికి చేరిన ఆడదాన్ని ఒక మూల కూర్చోబెట్టి ఏదో పని చూపించడం మా వైపు పెద్ద ఉపకారం కింద లెక్క. నాకు చూపించిన మూల స్టూడియో వెనక గది. రీళ్ళు పోయి కార్డులు వచ్చినప్పటి నుంచీ, తమ్ముడు పెళ్ళి నుంచి తెచ్చిన కార్డులోని ఫోటోలను కంప్యూటర్లోకి ఎక్కించి, ఇంటిపేరూ ఊరూ పెట్టి ఫోల్డరు కట్టి, కెమెరా వేసిన నంబర్లు వరసగా ఉన్నాయో లేదో చూసుకుని, అప్పుడుగాని కార్డు తుడిచేదాన్ని కాదు. కూచిపూడి దాకా ఎన్ని ఊళ్ళ పెళ్ళిళ్ళు చూశానో ఆ గదిలో కూర్చుని! అక్షింతలు వేయడానికి ఒక్కదానికీ పిలుపు లేదు. కళ్ళు మూసుకున్నవీ, మసకగా వచ్చినవీ, వాటితోపాటు పెళ్ళికూతురి పక్కన నాలాంటివాళ్ళు పడ్డవీ తీసెయ్యమనేవాడు తమ్ముడు. ఆ చివరివి నేను తీసేదాన్ని కాదు. ఆల్బంలోకి ఎలాగూ ఎక్కనివ్వరు, కంప్యూటర్లోనైనా ఉండనీ అనుకునేదాన్ని.

మేనకోడలి పెళ్ళిలోనూ వంటశాల వైపే నిలబడ్డాను. తలంబ్రాలు కాగానే ఆ పిల్ల పెద్దవాళ్ళందరూ చూస్తుండగా వచ్చి, "రా అత్తా, నా పక్కన నుంచో" అంటూ చెయ్యి పట్టి లాక్కెళ్ళింది. ఆ రోజుకి తమ్ముడు పెట్టుకున్న కెమెరా అతను నొక్కాడు. నేను నవ్వాను కూడా.

మర్నాడు కార్డు నా చేతికే వచ్చింది. అన్నిటికంటే ముందు ఆ ఫోటో కోసమే వెతికాను. తలంబ్రాలది ఉంది, అరుంధతిని చూపించేది ఉంది, మధ్యలో ఒక నంబరు లేదు. కెమెరాలోనే తీసేశారు. అడిగితే తమ్ముడు తల వంచుకుని, "వియ్యాలవారు చూస్తే బాగోదక్కా, ఏమీ అనుకోకు" అన్నాడు. అనుకోనన్నాను. ఇప్పటికీ అనుకుంటూనే ఉన్నాను.

ఆ సంగతి మేనకోడలికి చెప్పలేదు. ఎవరూ లేనప్పుడు ఆ ఫోల్డరు తెరిచి, ఆ రెండు నంబర్ల మధ్య ఖాళీని చూసుకునేదాన్ని. చూడటానికి అక్కడేముంది! అయినా నేనక్కడ నిలబడ్డానని చెప్పడానికి నాకు ఇంకేమీ మిగల్లేదు.

ఇప్పుడు రోజులు మారాయి. భర్త పోయినవాళ్ళను కూడా స్టేజీ ఎక్కించి నవ్వమంటున్నారు, ఆ ఫోటోలు నేనే చూస్తున్నాను, సంతోషమే. మొన్న అందరూ వెళ్ళాక ఆ పెళ్ళి ఫోల్డరు తెరిచాను. ప్రోగ్రాం పాత నంబర్లు తీసేసి, తేదీ వేసి, ఒకటి నుంచి కొత్తగా వరస పెట్టింది. తలంబ్రాల తరవాతి నంబరు అరుంధతిది. ఎక్కడా ఏ లోటూ కనపడదు. ఆ రోజు నన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళిన పిల్లే, తెలియక, ఆ వరస సరిచేసి వెళ్ళింది.