నడిచేవాళ్ళు లేని వీధిలో చలివేంద్రం

మా ఎదురు ఫ్లాట్ ఆంటీ పోయిన నెల కన్నుమూశారు. ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ ముగించుకుని వచ్చిన వాళ్ళమ్మాయి, నర్సు యూనిఫాంలోనే మా తలుపు కొట్టి, "అక్కా, అమ్మ లేవడం లేదు. ఒకసారి వస్తావా?" అంది. అలాంటివి రోజూ చూసే మనిషి కాబట్టి తనకి విషయం అప్పటికే తెలుసు. పక్కన ఒకరు ఉండాలని నన్ను పిలిచింది, అంతే. ఆంటీ కుడివైపుకి ఒత్తిగిలి, చెయ్యి చెంప కింద పెట్టుకుని ఉన్నారు. నిద్రలోనే గుండె ఆగిపోయిందన్నాడు డాక్టరు.

ఆవిడ గురించి నాలుగు మాటలు రాయమని ఇక్కడ ఆస్ట్రేలియాలో, మా డార్విన్ ఊరి తెలుగువాళ్ళు అడిగారు. ఆవిడ మంచితనం గురించే రాద్దామని కూర్చున్నాను. ఎక్కడ మొదలుపెట్టినా మధ్యలో ఒక గోడ అడ్డం వస్తోంది. ఆ గోడని పక్కన పెట్టి ఆంటీ గురించి రాయడం నా వల్ల కావడం లేదు. అందుకని రెండూ కలిపే రాస్తున్నాను. చదివేవాళ్ళు ఏమీ అనుకోవద్దు.

ఆంటీ బాపట్ల టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో పనిచేసి రిటైరయ్యారు. అంకుల్ పోయాక కూతురి దగ్గరికి వచ్చేశారు. వచ్చిన కొత్తలోనే కూతురితో ఒక సంగతి ఖాయం చేసుకున్నారు. తనని ఎక్కడికీ కారులో దింపే పని పెట్టుకోవద్దన్నారు. "నేను నడిచినన్నాళ్ళూ నీ ఇంట్లో మనిషిని. నువ్వు ఎక్కించుకుని దింపడం మొదలెట్టావా, నీ ఇంట్లో సామాన్ని" అని మా ముందే అన్నారు. వాళ్ళమ్మాయి నవ్వింది. ఆంటీ నవ్వలేదు.

మా అపార్ట్‌మెంట్లు సిటీ మొదట్లోనే ఉంటాయి. అక్కడి నుంచి ఆవిడ చర్చి దాకా ఒకే తిన్నని వీధి. ఆ వీధి అప్పట్లో ఎలా ఉండేదో చెప్పాలి. పాతకాలపు ఒంటి అంతస్తు కొట్ల వరస. వాటి ముందు పొడుగునా రేకుల వసారా. మా ఇంటి మలుపులో గొడుగు ముడిస్తే, చర్చి గేటు దగ్గర మళ్ళీ విప్పితే చాలు. జిప్పులు బాగుచేసే థాయ్ ఆవిడ, చేపలు వేయించే గ్రీకు ముసలాయన, పేపర్ల కొట్టు, మధ్యలో ఒక బెంచీ. బెంచీ మీద ఎప్పుడూ ఎవరో ఒకరు కూర్చుని ఉండేవారు.

ఆంటీ ఫలహారం కాగానే బయల్దేరేవారు. కొనేది ఒక కట్ట కొత్తిమీరో, నాలుగు నిమ్మకాయలో. ఫ్రిజ్ నిండా కొత్తిమీర ఉన్నా సరే. ఇంటి సరుకు ఏదీ వృథా కాకూడదనుకునే దాన్ని కాబట్టి, అన్నీ వారానికోసారి తెచ్చుకోవచ్చు కదా అని ఒకసారి అడిగాను.

"కొత్తిమీర కోసం పోతన్నానా అమ్మాయ్? ఉత్త చేతుల్తో పలకరిస్తే పనిలేని ముసల్ది అనుకుంటారు. చేతిలో సంచి ఉంటే పలకరింపు కూడా పనే."

నేనూ ఆవిడతో వెళ్ళడం మొదలుపెట్టాను. ఆవిడ ఇంగ్లీషు టెలిఫోన్ ఆఫీసు ఇంగ్లీషు. స్పష్టంగా, కొంచెం గట్టిగా, అవతలి మనిషి లైన్లో దూరంగా ఉన్నట్టు మాట్లాడేవారు. గ్రీకు ఆయన మోకాలి నొప్పి దగ్గర్నుంచి థాయ్ ఆవిడ మనవడి పరీక్షల దాకా ఆవిడకి తెలుసు. ఒకరోజు నాకు తొందరై కారు తీస్తుంటే అన్నారు: "కారులో పోతే ఊరు కనపడుద్ది గానీ పలకదమ్మాయ్."

ఆ తర్వాత వీధిలో పడమటి వైపు కొట్లన్నీ పడగొట్టారు. పౌరులందరి పనులూ ఒక్కచోటే జరిగే పెద్ద భవనం కడతామన్నారు. ఏ శాఖ కట్టిందో ఇక్కడ రాయను. ఎవరు కట్టినా ఇలాగే కట్టేవారని నాకు నమ్మకం కుదిరిపోయింది. చుట్టూ వేసిన కంచె మీద రాబోయే భవనం బొమ్మ అతికించారు. అందులో చెట్ల కింద జనం కాఫీ కప్పులు పట్టుకుని నడుస్తున్నారు. ఆంటీ కళ్ళజోడు సరిచేసుకుని బొమ్మ దగ్గరికి వెళ్ళారు.

"ఇటు రా అమ్మాయ్. ఈవిడ స్వెట్టరేసుకుందేంది?"

చూస్తే నిజమే. ఒకామె స్వెట్టరు, ఇంకొకాయన మెడకి మఫ్లరు. డార్విన్‌లో. చెమటకి జాకెట్టు వీపుకి అంటుకుపోయి నిలబడ్డాం మేమిద్దరం.

"చలి దేశంలో కూర్చుని గీసుంటారు. మన ఊరు వచ్చి చూసిన పాపాన పోలా" అన్నారు. నవ్వుకుంటూ ఇంటికొచ్చాం. అప్పటికి అది నవ్వే సంగతే.

కంచె తీసేశాక చూసింది నాకింకా కళ్ళలోనే ఉంది. వీధి వైపు భవనానికి తలుపు లేదు. కిటికీ లేదు. ఈ చివర నుంచి ఆ చివర దాకా బూడిద రంగు కాంక్రీటు గోడ. దాని పైన అద్దాలు. పొద్దుటి ఎండ నెత్తి మీద పడేది చాలదన్నట్టు, ఆ అద్దాలకి తగిలి తిరిగొచ్చి మొహం మీద కొడుతుంది. గోడకి అక్కడక్కడా ఇనప జాలీలు. లోపల చల్లబరిచే యంత్రాలు వదిలే వేడిగాలి ఆ జాలీల్లోంచి సరిగ్గా నడిచేవాళ్ళ నడుముకి తగులుతుంది. వసారా లేదు. బెంచీ ఉన్నచోట వాలుగా ఒక ఇనప కడ్డీ పెట్టారు, ఆనుకోవడానికట. కూర్చుంటే జారిపోతాం. ఎవరూ కూర్చోకూడదని కూర్చుని ఆలోచించి చేసిన కడ్డీ అది. చెట్లు తొట్లలో వచ్చాయి, తొట్లలోనే ఎండిపోయాయి. వాకిలి వెనకవైపు, కార్లు పెట్టే స్థలంలోకి ఉంది. ఆ భవనం వీధికి వీపు పెట్టి కూర్చుంది. ఇంటికొచ్చినవాళ్ళకి వీపు చూపించే మనిషిని మనం ఏమంటామో దాన్నీ అదే అనాలి.

ఎదురు వరస కొట్లు, అటు వసారా లేకపోయినా, ఇంకా మిగిలి ఉన్నాయి కదా అని మొదట్లో ధైర్యం చెప్పుకున్నాం. కానీ ఇటు మనుషులు నడవకపోతే అటు కొట్లు ఎలా నడుస్తాయి? ముందు పేపర్ల కొట్టు మూసేశారు. తర్వాత, పడగొట్టినప్పుడు ఎదురు వరసకి మారిన థాయ్ ఆవిడ శివారులోని మాల్‌కి వెళ్ళిపోయింది. ఆ భవనంలో వందల మంది పనిచేస్తారంటారు. వెనక నుంచి కార్లలో వచ్చి వెనక నుంచే వెళ్ళిపోతారు. వీధిలో ఒక్క మొహం కనిపించదు. బహుమతి వచ్చిందని కూడా విన్నాను, అందానికి. బహుమతి ఇచ్చినవాళ్ళు కారు దిగి ఉండరు.

ఆంటీ మానలేదు. పలకరించడానికి ఎవరూ లేని ఆ గోడ పక్కన సంచి పట్టుకుని నడుస్తూనే ఉన్నారు. ఇక్కడ వానలకి ముందు కొన్ని నెలలు ఆకాశం మూతపెట్టిన గిన్నెలా ఉక్కపోస్తుంది. ఒక ఆదివారం అలాంటి ఎండలో, చర్చి నుంచి వస్తూ ఆ జాలీల దగ్గర కళ్ళు తిరిగి కూలబడ్డారు. పట్టుకోవడానికి కూడా ఏమీ లేని గోడ. ఎంతసేపటికీ ఎవరూ రాలేదు. చివరికి చెత్త బండి నడిపేవాడు చూసి ఆపాడు.

ఆ సాయంత్రం వాళ్ళింట్లో నేనూ ఉన్నాను.

"ఇక చాలమ్మా. చర్చికి నేను దింపుతా" అంది కూతురు.

"డ్యూటీ చేసొచ్చి నిద్రపోవా?"

"పోతా. నిన్ను దింపి పోతా."

"అంటే నీ నిద్ర తిని నేను ప్రార్థన చెయ్యాలా?"

"పేషెంట్లలో నిన్ను చూడలేనమ్మా. ప్లీజ్."

ఆంటీ నావైపు తిరిగి, "తప్పు నా కాళ్ళదనుకుంటంది ఇది" అన్నారు. ఆ మాటకి నాకు ఒళ్ళు మండింది, కూతురి మీద కాదు.

రెండు రోజులు ఇంట్లోనే ఉన్నారు. మూడోనాడు మా తలుపు కొట్టి, "మట్టికుండ ఎక్కడ దొరుకుద్ది అమ్మాయ్?" అన్నారు.

ఎక్స్ఛేంజీ ముందు ప్రతి వేసవికీ స్టాఫంతా కలిసి చలివేంద్రం పెట్టేవారట. తడిగుడ్డ చుట్టిన కుండలు, మజ్జిగ, దారినపోయేవాళ్ళకి నీడగా ఒక తాటాకు పందిరి. ఇక్కడా పెడదాం అన్నారు. నీళ్ళుంటే జనం నడుస్తారు, జనం నడిస్తే తనూ నడవొచ్చు. అదీ ఆవిడ పథకం.

కుండలు మొక్కల కొట్లోనే దొరికాయి. అన్నిటికీ అడుగున చిల్లు. ఆంటీ గోధుమపిండి ముద్ద పెట్టి చూశారు, కారింది. చివరికి ఒక కుండ చిల్లుని మా ఆయన బాత్‌రూమ్ పైపుకి వాడే లప్పంతో మూసిపెట్టాడు. లప్పం తగిలిన నీళ్ళు తాగించకూడదని, మంచినీళ్ళ స్టీలు బిందె లోపల దింపాం. పైన తడిపిన ఎర్ర గుడ్డ. నేను నిమ్మాకు, అల్లం వేసి మజ్జిగ చేశాను. ఒక మడత కుర్చీ, పెద్ద గొడుగు. గోడ మధ్యలో, బెంచీ ఉండే చోట పెట్టాం. అనుమతి అడగాలన్న ఆలోచన మా ఇద్దరికీ రాలేదు. దాహానికి నీళ్ళివ్వడానికి ఎవరినైనా అడగాలని మనవాళ్ళలో ఎవరికి తోస్తుంది?

మొదటిరోజు గ్రీకు ఆయన ఒక్కడే వచ్చి మజ్జిగ తాగి, ఉప్పు ఎక్కువైందన్నాడు. రెండోరోజు వీధి ఊడ్చేవాళ్ళు ఇద్దరు, ఎవరో ముసలమ్మ ఒకామె. ఒకప్పుడు అక్కడి బెంచీ మీద రోజూ కూర్చునే ఆవిడేనట. ఆంటీ ఆవిడకి తన కుర్చీ ఇచ్చి, తను నిలబడ్డారు.

మూడోరోజు గ్లాసులు కడగడానికి మేమిద్దరం ఎదురు వరసలోని గ్రీకు ఆయన కొట్లోకి వెళ్ళాం. తిరిగొచ్చేసరికి కుండ చుట్టూ పసుపు రిబ్బను కట్టి ఉంది. మనిషి లేకుండా, గుడ్డ కప్పి, సర్కారు గోడ పక్కన పెట్టిన గుండ్రటి వస్తువు. కెమెరాలో చూసి భయపడ్డారట. ఇద్దరు సెక్యూరిటీవాళ్ళు దూరంగా నిలబడి రేడియోలో మాట్లాడుతున్నారు. రిబ్బను అవతల జనం. నిజంగా జనం. భవనంలో పనిచేసేవాళ్ళు మెడల్లో కార్డులతో వెనక వాకిలి నుంచి చుట్టూ తిరిగొచ్చి చోద్యం చూస్తున్నారు. అది కట్టాక ఆ వీధిలో అంతమందిని నేను చూడటం అదే మొదలు.

ఆంటీ నేరుగా వెళ్ళి రిబ్బను ఎత్తి లోపలికి నడిచారు. "మేడమ్, స్టాప్" అంటున్నా వినకుండా గుడ్డ తీసి, గరిటెతో నీళ్ళు ముంచి తాగారు. "వాటర్. ఓన్లీ వాటర్. యూ వాంట్?" అని అందరినీ వరసగా అడిగారు. కొందరు నవ్వారు. కొందరు తాగారు కూడా.

అప్పుడు ఒక అధికారిణి వచ్చింది. మర్యాదగానే, ఇక్కడివాళ్ళు ముద్దుగా పిలిచే 'డార్ల్' అన్న పిలుపుతో మాట్లాడింది.

"సారీ డార్ల్, ఇది ఇక్కడ పెట్టకూడదు. నడిచేవాళ్ళకి అడ్డం."

ఆంటీ వీధి ఆ చివర నుంచి ఈ చివర దాకా చూశారు. "వేర్?" అన్నారు.

అధికారిణికి అర్థమైంది. మొహం ఎర్రబడింది. అయినా పర్మిట్ కావాలని, పబ్లిక్ ఇన్సూరెన్స్ ఉంటే అప్లై చెయ్యొచ్చని చెప్పింది. నేను తెలుగులో చెప్పాను.

"నీళ్ళు పొయ్యడానికి ఇన్సూరెన్సా?" అన్నారు ఆంటీ, నెమ్మదిగా. "ఎండలో పడ్డ మనిషికి లేదుగా."

కుండ ఇంటికి తెచ్చేశాం. ఆ తర్వాత ఆవిడ కారెక్కారు. వాళ్ళమ్మాయి ఎంతో ప్రేమగా దింపేది. సీటు బెల్టు పెట్టించుకుంటూ ఆంటీ కిటికీలోంచి బయటికి చూసేవారు. చూడటానికి ఆ గోడ తప్ప ఏమీ ఉండేది కాదు. మెల్లిగా కొత్తిమీర మాట మానేశారు. ఫోన్లో గొంతు గట్టిగా ఉండే మనిషి, కూతురికి వినపడేంత మాత్రమే మాట్లాడటం మొదలుపెట్టారు. ఆ గోడ ఆవిణ్ణి చంపిందని నేను అనను. గుండె జబ్బు ఎప్పట్నుంచో ఉంది. కానీ పోయేముందు ఏడాది పాటు ఆవిడకి ఊరు లేకుండా చేసింది మాత్రం అదే. అది కట్టినవాళ్ళెవరూ చెడ్డవాళ్ళు కారట, వాళ్ళకి నడిచే మనిషి గుర్తుకు రాలేదంతే. నాకు దానికంటే రోత పుట్టించే సమాధానం ఇంకొకటి లేదు.

పోయిన వారం ఆంటీ పేరు మీది కార్డులు రద్దు చేయించాలంటే ఆ భవనానికే వెళ్ళాల్సొచ్చింది. వాళ్ళమ్మాయి కారులో వెళ్ళాం. వెనక కారు పెట్టి, వెనక నుంచే లోపలికి వెళ్ళాం. చల్లగా, శుభ్రంగా ఉంది. కౌంటరులో అమ్మాయి సానుభూతి చెప్పి, క్షణాల్లో పని ముగించింది. వాళ్ళమ్మాయి కారు తాళాలు చేతిలో పట్టుకుని హాల్లోనే ఆగిపోయింది.

"వీధిలోకి ఎటు వెళ్ళాలి?" అని అక్కడున్నతన్ని ఇంగ్లీషులో అడిగింది.

"వీధిలోకా?" అన్నాడతను. "మీ కారు ఎక్కడ పెట్టారు?"

తను తాళాలు బ్యాగులో వేసేసుకుంది. నాతో, "అక్కా, అమ్మ చర్చి దాకా నడుద్దామా?" అంది.

నడిచేవాళ్ళకి వేరే దారి లేదు. కార్లు బయటికి పోయే దారిలోనే, అడ్డకర్ర పక్క సందులోంచి ఒదిగి బయటపడ్డాం. మా వెనక ఒక కారు వచ్చి ఆగింది, హారన్ కొట్టలేదు. మలుపులో నేను ఒక్కసారి వెనక్కి చూశాను. అంత పెద్ద భవనం నీడంతా అటువైపు, వరసగా పెట్టిన ఖాళీ కార్ల మీద పడి ఉంది. వాళ్ళమ్మాయి అప్పటికే కొంగు తలమీదికి లాక్కుని, గోడ వెంట ఎండలో ముందుకి నడుస్తోంది.