గ్వానహువాతో బస్సులో పెద్దావిడ

బస్సు కదిలాక చూస్తే చిన్నది నా చెయ్యి పట్టుకునే ఉంది, ఏడేళ్ల పెద్దాడు మాత్రం ఇంకా కింద రోడ్డు మీదే ఉన్నాడు.

మెక్సికో కొండల్లోని గ్వానహువాతో అనే పాత వెండి గనుల ఊళ్లో జరిగిందిది. నందిగామ బస్టాండులో జగ్గయ్యపేట బస్సుకి ఎగబడ్డట్టే, సగం ఖాళీగా ఉన్న ఆ బస్సులోకీ సీటు కోసం ముందే దూరాను.

"ఆపండి, మా బాబు కిందున్నాడు" అని తెలుగులోనే అరిచాను. తలుపు పక్కన కూర్చున్న పెద్దావిడ లేచి, మూసుకుంటున్న తలుపుకి తన సంచి అడ్డం పెట్టి డ్రైవర్ని గట్టిగా కేకలేసింది. బస్సు ఆగింది. ఆవిడ వాణ్ణి పైకి లాగి ఒళ్లో కూర్చోబెట్టుకుంది.

"చాలా థాంక్సండి" అంటే, వాళ్ల భాషలో నాకూ నాలుగు చీవాట్లు పెట్టింది. అచ్చం మా అమ్మలాగే. మేం దిగేదాకా వాణ్ణి వదల్లేదు.

మర్నాడు పొద్దున్న పిల్లలకి చెప్పాను: "ఇకనుంచి ముందు మీరిద్దరూ ఎక్కండి. సీటు దొరక్కపోతే నిలబడదాం."