పియర్ చెట్టుకి కొసరి వడ్డించరాదు

ముందే చెప్పేస్తే మీకూ నాకూ మంచిది: ఉన్నదున్నట్టు చెప్పడం నాకు చేతకాదు. మా ఆవిడ నా మాటల్లోంచి ముప్పాతిక తీసేసి, మిగిలిన పావుని జల్లెడ పట్టి నమ్ముతుంది. మీరూ అలాగే కానివ్వండి. ఈ ఉదయం మా వంటింటి గట్టు మీద ఒక పియర్ పండు మాగింది. దాని వాసన హాలు దాటి, గరాజ్ దాటి, ఎదురుగా మంచు కప్పుకున్న కొండ దాకా పోతే, కొండ మెడ తిప్పి మా ఇంటివైపు చూసింది. నేను పండుని తొడిమ పక్కన బొటనవేలితో మెల్లగా నొక్కాను. కాస్త లొంగింది. పియర్ చెట్టు మీద మాగదు. పచ్చిగా కోసి, చల్లగా దాస్తే, తర్వాత ఇంట్లో తీరిగ్గా మాగుతుంది. ఎక్కడ నొక్కి చూడాలో నాకు నేర్పినవారు సత్యవతి గారు.

ఒరెగాన్‌లో ఆమె మా పొరుగు. మట్టి పరీక్షల ల్యాబ్‌లో పనిచేసి రిటైరయ్యారు. ఇంటి వెనక భర్తతో కలిసి నాటిన పియర్ తోట ఉంది. ఆయన పోయాక తోట కూడా చిక్కిపోయింది. గ్రీన్ కార్డ్ వచ్చిన ఉత్సాహంలో, ఇంట్లో కూర్చుని సాఫ్ట్‌వేర్ పని చేసుకునే నేను, "తోట నేను చూసుకుంటానండీ" అని ముందుకు దూకాను. అప్పటికి ఆ పళ్ళు ఉసిరికాయలకి మేనమామ పిల్లల్లా ఉండేవి. పళ్ళు కొనే ప్యాకింగ్ హౌస్ మేనేజర్, సైజూ లేదు, తీపీ లేదు, మళ్ళీ ఇలాగే వస్తే తీసుకోం అని చెప్పేశాడు.

"అంతకీ కాకపోతే పీకించేస్తానయ్యా," అన్నారు సత్యవతి గారు. "ఆయన నాటారు కదాని ఏటా పళ్ళు పారబోసుకుంటూ కూర్చోలేను." గొంతు మామూలుగానే ఉంది. చేతిలో కాఫీ మాత్రం తాగకుండానే చల్లారిపోయింది.

ఆ వేసవిలో ఒకరోజు నన్ను తోటలోకి తీసుకెళ్ళి ఒక ముదురాకు చూపించారు. అంచంతా మాడి, దోనెలా పైకి ముడుచుకుని ఉంది.

"ఇదేంటి?"

"ఎండకి మాడిందండీ."

"పక్క తోట మీద వేరే ఎండ కాస్తోందా?"

నేను పక్క తోటవైపు చూశాను. అక్కడి ఆకులు నూనె రాసుకుని తల దువ్వుకున్నట్టు నిగనిగలాడుతున్నాయి. ఆమె నాచేత ఆ ఏడు వేసిన రెమ్మల నడిమి ఆకులు కోయించి ల్యాబ్‌కి పంపారు. ఆమె అనుకున్నట్టే చెట్లకి పొటాష్ ఎరువు తక్కువని తేలింది.

"కోసిన ప్రతి కాయా కాస్త పొటాష్ మూటగట్టుకుని పోతుంది," అన్నారామె. "ఇన్నేళ్ళూ పట్టుకెళ్ళినవాళ్ళే గానీ, తిరిగి పెట్టినవాళ్ళేరీ?"

ఆకురాలే కాలంలో, ఆమె చెప్పిన కొలత ప్రకారం, చెట్ల కింద పొటాష్ వేశాను. మరుసటి ఏడు పళ్ళు ఎంత ఊరాయంటే, ఒక్కోదాన్ని దించడానికి ఇద్దరు మనుషులు, వాళ్ళని దీవించడానికి ఒక పురోహితుడు కావలసివచ్చారు. మేనేజర్ పళ్ళు తీసుకున్నాడు గానీ, "ఇంకో ఏడాది చూసి చెప్తాం" అన్నాడు. చెట్ల తలరాత ఆ ఇంకో ఏడాది మీద వేలాడింది.

ఇక్కడ మా వంశం సంగతి చెప్పాలి. మాది కోనసీమ. "చాలు" అని అతిథి అంటే, వడ్డన ఇక మొదలుపెట్టవచ్చని మాకు అర్థం. విస్తరి మీద చెయ్యి అడ్డం పెడితే, వేళ్ళ సందుల్లోంచి నెయ్యి పోసిన మహానుభావుడు మా తాతగారు. అంచేత నేను, ఆకు పరీక్ష ఊసెత్తకుండా, పోయినేటికి రెట్టింపు పొటాష్ బస్తాలు దింపించాను. ఒకటి విప్పుతుండగా ఆమె వచ్చారు.

"ఏంటయ్యా ఇదంతా?"

"అంత వేస్తేనే అంత సైజ్ వచ్చింది కదండీ, డబుల్ చేస్తే..."

"డబుల్ చేస్తే చెట్లు నీకు ప్రమోషన్ ఇస్తాయా?"

ఆమె స్వెటర్ జేబులోంచి ఒక పియర్ తీసి, చాకుతో రెండు చెక్కలు చేశారు. పైకి నున్నగా, పెళ్ళికొడుకులా ఉంది. లోపల తొక్క కిందుగా అక్కడక్కడా గోధుమరంగు బెండు కట్టింది.

"పంక్తిలో ఒకడు బాసింపట్టు వేసుకుని కూర్చుంటే పక్కవాడికి చోటేదీ? పొటాష్ మితిమీరితే కాల్షియం కాయదాకా సరిగ్గా అందదు. ఇదిగో, అలా కుమ్మరించిన వేరే తోట పండు, ఇలా అవుతుంది."

నాకు రోషం వచ్చింది. "పెట్టమన్నది మీరేగా?"

"పెట్టమన్నాను. కుక్కమన్నానా?"

అని, విప్పిన బస్తా మూతి మీద అరచెయ్యి పెట్టారు. "చెట్టుకి చెయ్యి లేదయ్యా, విస్తరికి అడ్డం పెట్టుకోడానికి. ఆ చెయ్యి వడ్డించేవాడిదే కావాలి."

బస్తాలు తిరిగి వెళ్ళాయి. ఆకు పరీక్ష ఎంత అడిగిందో అంతే వేశాం. మరుసటి కోతకి మేనేజర్ మా పళ్ళు వరసగా కోయించి చూశాడు. అన్నీ మల్లెపువ్వులా తెల్లగా ఉన్నాయి. తోటకి ఒప్పందం కుదిరింది. సత్యవతి గారు ఒక చెక్క నాకిచ్చి, రెండోది చేతిలో పెట్టుకుని చాలాసేపు చెట్లకేసి చూశారు. పీకించే మాట మళ్ళీ ఎత్తలేదు.

ఆమె ఇప్పుడు లేరు. చెట్లున్నాయి. ఏటా ఆకు కోసి అడిగాకే బస్తా విప్పుతాను. తోట బయటే నాకు కష్టం. కాలేజీ నుంచి మా అమ్మాయి ఫోన్ చేసి గరిటెడు బాధ చెబితే, గంగాళం సలహాలు గుమ్మరించడం నా అలవాటు. "నాన్నా, సొల్యూషన్ వద్దు. జస్ట్ విను," అంటుంది. అప్పుడు ఎడమ చేత్తో నా నోరే మూసుకుంటాను. అది తన బాధంతా తీరిగ్గా చెప్పుకుంటుంది.

ఇక కల్పన సంగతి. కొండ మెడ తిప్పడం, పురోహితుడు రావడం మీరు ఎప్పుడో తీసేసి ఉంటారు. కానీ మీరు నమ్మి దాచుకున్న మాటే నేను అల్లింది. విస్తరి గురించి సత్యవతి గారు ఏమీ అనలేదు. బస్తా మూతి మీద చెయ్యి పెట్టి, నేను దాన్ని మళ్ళీ కట్టేదాకా అలాగే నిలబడ్డారు. మాటలు నేను కొసరి వడ్డించినవి. చెయ్యి మాత్రం ఆమెదే.