నా చెయ్యి ఆ భుజం మీద

ఏడో తరగతిలో బడి మానేసి సాలూరులో లారీ ఎక్కాను, క్లీనర్‌గా. ఆ ఏడే బిషప్ గారు మా గుడికి వచ్చి, నా ఈడు పిల్లలందరికీ నుదుట తైలం రాసి విశ్వాసంలో స్థిరపరిచే భద్రమైన అభ్యంగనం ఇచ్చారు. నేను ఆ పూట రాయగడ ఘాట్‌లో టైరు కింద రాయి పెడుతున్నాను. అలా నాకు అభ్యంగనం జరగలేదు. పెద్దయ్యాక ఊరొచ్చి స్థిరపడితే, పిల్లల్ని నవ్వించగలనని ఫాదర్ గారు ఆదివారం సత్యోపదేశం తరగతి నాకప్పగించారు. నీకు అభ్యంగనం అయిందా అని ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు.

అభ్యంగనం వేళ పిల్లల వెనుక తోడుగా నిలబడి భుజం మీద చెయ్యి వేసేవాళ్లకి అభ్యంగనం అయి ఉండాలి. ఆ నియమం ఏటా నేనే నేర్పుతాను.

పోయినేడు అభ్యంగనానికి పదకొండు మంది పిల్లలు. బిషప్ గారు రావడానికి రెండ్రోజులుంది.

"పవిత్రాత్మ వరాలు ఏడూ సెప్పరా."

"ఐదొచ్చాయి మాస్టారూ. రెండు లోడింగు."

"ధైర్యం ఏదిరా?"

"మేథ్స్ పరీక్షలో అయిపోనాది."

అందరితో పాటు నేనూ నవ్వాను. ఒక పిల్ల మాత్రం నవ్వలేదు. తల్లి లేదు, తండ్రి గుడి మెట్లెక్కడు. తోడు నిలబడాల్సిన పిన్ని మా గుడి వదిలి గజపతినగరంలో పాస్టరు గారి సంఘంలో చేరిపోయి, ఇక రానని కబురు పెట్టిందట.

"మాస్టారూ, మీరు నిలబడతారేటి?"

"నాకే అవలేదమ్మా అభ్యంగనం."

గదంతా గొల్లున నవ్వింది. ఆ పిల్ల కళ్లు తుడుచుకుంటూ తనూ నవ్వేసింది. "ఎప్పుడూ ఏడిపించడమేనేటి మాస్టారూ! వస్తారు కదా?"

ఫాదర్ గారి దగ్గరకి పరిగెత్తాను. ఆయన షామియానా వాడితో గొడవలో ఉన్నారు. చెప్పాను. "ఇప్పుడా నీ జోకులు? పోయి తోరణాలు కట్టించు," అన్నారు. ఇన్నేళ్లూ నవ్వించి నవ్వించి, నిజం చెప్పడానికి నాకు నోరే మిగల్లేదు.

బిషప్ గారొచ్చిన రోజు పూజలో వరస కదిలింది. అందరి భుజాల మీదా ఒక్కో చెయ్యి. ఆ పిల్ల భుజం ఖాళీ. బిషప్ గారు తైలంలో వేలు ముంచి, ఆమె వెనక్కి చూశారు. ఆమె కూడా వెనక్కి తిరిగి నాకోసం చూసింది.

వెళ్లి చెయ్యి వేశాను.

బయటికొచ్చాక నుదురు మెరిసిపోతోంది ఆ పిల్లకి. "భయపడ్డారేటి? సెయ్యి ఆనీ ఆనకుండా ఏసినారు."

"నీ భుజమే ఎముకల పోగు. గుచ్చుకుంది," అన్నాను. అప్పుడూ జోకే.

ఆ రోజు నుంచి ఆ చెయ్యి నాది కానట్టే ఉంది. సిలువ గుర్తు వేసుకోవాలన్నా బరువే.

నిన్న ఈ ఏటి అభ్యంగనం జాబితా రాశాను. మొదటి పేరు నాది. ఫాదర్ గారు చూసి, నవ్వి, కొట్టేశారు. కిందనే మళ్లీ రాశాను. ఆయన పెన్ను ఆగింది. ఈసారి నవ్వలేదు.

"మరి పోయినేడు ఆ పిల్ల వెనకాల..."

నేనేనని తలూపాను.

"ఆ పిల్లకి జరగాల్సిన అభ్యంగనం జరిగింది. దానికేం లోటు లేదు," అన్నారు. "కానీ ఆమెకి నువ్వే చెప్పాలి."

వరండాలో ఆ పిల్ల చిన్నపిల్లలకి ఏడు వరాలూ వల్లె వేయిస్తోంది, నా జోకులతో సహా. గుమ్మం దాకా వెళ్లి ఆగిపోయాను. చెబితే మళ్లీ నవ్వేస్తుందేమోనని భయం. నవ్వకపోతే ఏం చెయ్యాలో అంతకన్నా తెలియదు.

"రండి మాస్టారూ, ధైర్యం దగ్గర ఆగిపోనారు ఈళ్లు," అంది.