ఆదివారం లాకయ్యే అకౌంట్

మా పాల సేకరణ ఆఫీసులో సర్వర్లు నా పేరుతో నడిచేవి. గొప్ప కోసం చెప్పడం లేదు. ఊళ్లలోని కేంద్రాల్లో కొలిచిన పాలు, వెన్న శాతం మార్కాపురంలోని మా ఆఫీసుకు చేరాలంటే, మనిషి దగ్గర లేకపోయినా ఆ కంప్యూటర్లు ఏదో ఒక పేరుతో, పాస్‌వర్డ్‌తో సర్వర్‌లోకి రావాలి. దానికి ఎవరి పేరూ కాని సర్వీస్ అకౌంట్ ఒకటి విడిగా పెట్టాలి. మొదట్లోనే అడిగాను. "ఇప్పటికి నీ పేరు పెట్టమ్మా, తర్వాత చూద్దాం" అన్నారు మేనేజర్. మా ఆఫీసులో తర్వాత అంటే ఎప్పుడూ కాదని అర్థం.

గిద్దలూరులో మా ఇంటికి నడిచి వెళ్లేంత దూరంలో ఉద్యోగం దొరికి రాజీనామా ఇచ్చినప్పుడు ఆ 'తర్వాత' నా మెడకే చుట్టుకుంది. "నీ అకౌంట్ మూసేస్తే పాల లెక్క ఆగిపోతుంది. అన్నిచోట్లా నీ పేరు తీసేసి పో, ఎవరు పట్టుకున్నారు?" అన్నారాయన. కేంద్రం కేంద్రం తిరిగి సర్వీస్ అకౌంట్ పెట్టాను. నా పేరు ఇంకెక్కడైనా మిగిలితే బయటపడుతుందని నా పాస్‌వర్డ్ మార్చేశాను. ఆదివారం దాకా అంతా సజావుగా నడిచింది.

ఆదివారం పొద్దున నా అకౌంట్ లాకైంది. ఏదో కంప్యూటర్ నా పాత పాస్‌వర్డ్‌తో పదేపదే తలుపు తడుతోందన్నమాట. అది తర్లుపాడు కేంద్రం వైపు నుంచని తెలిసింది. సోమవారం పోయి చూస్తే అక్కడి కంప్యూటర్‌లో నా పేరే లేదు. మళ్లీ ఆదివారం అదే తంతు. ఎప్పుడు చేరతావని గిద్దలూరు వాళ్ల ఫోన్లు. ఇది తేలేదాకా మేనేజర్ నన్ను వదలరు. నా పేరే నన్ను కట్టేసిందని ఏడుపొచ్చేది, ఆ వెంటనే ఒళ్లు మండేది.

చివరికి ఆదివారమే తర్లుపాడు వెళ్లాను. కేంద్రానికి తాళం వేసి ఉంది. పాలు పోసేవాళ్లంతా క్యాన్లతో చర్చి వరండాలో ఉన్నారు. కేంద్రం నడిపే ఆమె, ఊరందరికీ అత్త, పాత ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఉంది.

"ఏందత్తా, పాలు ఇక్కడ పోయించుకుంటున్నావు?"

"ఆదివారం అందరూ ఇక్కడికే వస్తారు గదా పాపా. పాలు పోసి అట్లనే ప్రార్థనకు కూచుంటారు. కొత్త కంప్యూటర్ ఇచ్చినాక పాతది ఇక్కడ పెట్టుకున్నా. ఈ మధ్య ఎందుకో దీంట్లోనుంచి లెక్క పోవడం లేదు. కేంద్రానికి పోయి కొత్తదాంట్లో మళ్లీ కొడుతున్నా."

"నాకొక్కమాట చెప్పకపోతివే!"

"నువ్వు సోమవారం వచ్చినావు. సోమవారం సంగతే అడిగినావు."

నవ్వాలో తల బాదుకోవాలో తెలియలేదు. ల్యాప్‌టాప్‌లో నా పేరు తీసేసి సర్వీస్ అకౌంట్ పెట్టాను. ఆ పూట పాల లెక్క వరండాలోనుంచే మార్కాపురం చేరింది. సంతోషం పట్టలేక బస్సు కోసం నిలబడే గిద్దలూరుకు ఫోన్ చేశాను, రేపే వచ్చి చేరతానని.

"నీకోసం శానా చూసినాము తల్లీ. నిన్ననే వేరే ఆయన చేరినాడు" అన్నారు.

సోమవారం మార్కాపురం వెళ్లి రాజీనామా వెనక్కి తీసుకున్నాను. మేనేజర్ మంచిపని చేశావని టీ తెప్పించారు. సర్వర్లకు ఇక నాతో పని లేదు. నాకే వాటితో పని.