బొంతకు ఒక ముక్క

మాది కరీంనగర్. తెనాలిలో రేపల్లె ప్యాసింజరు ఎక్కడం నాకదే మొదటిసారి. ఎదురు సీట్లో ఒక పెద్దావిడ పాత చీరల్ని చదరం ముక్కలుగా కత్తిరించి, ఒకదానికొకటి అతికి కుడుతోంది. పసిపిల్లకు బొంతట. రంగులు బాగున్నాయని మెచ్చుకున్నాను.

"పిల్లలున్నారా అమ్మా?" అంది సూది ఆపకుండా.

"ఇద్దరండి."

"బతికే ఉన్నారుగా?"

ముక్కూమొహం తెలియని మనిషిని అడిగే మాటేనా అది! ఒళ్లు మండిపోయి "అదేం మాటండీ!" అని అరిచాను. పెట్టెలో వాళ్లంతా తిరిగి చూశారు.

ఆవిడ మాత్రం నొచ్చుకోలేదు. "కోప్పడకమ్మా. మా కోడలికి తొలి కాన్పులో బిడ్డ దక్కలేదు. ఇప్పుడు ఆడపిల్ల పుట్టింది. కన్న పిల్లలంతా చల్లగా ఉన్న తల్లుల చీరలతో బొంత కుట్టి పడుకోబెడితే బిడ్డ నిలుస్తుందని మా ఇంట్లో నమ్మకం. నువ్వూ ఓ ముక్క ఇస్తావేమోనని అడిగా."

తెనాలిలో కొన్న కొత్త జాకెట్టు గుడ్డ తీసి ఇవ్వబోతే ఆవిడ చెయ్యి వెనక్కి లాక్కుంది.

"కొత్తదొద్దమ్మా. నువ్వు కట్టిందే కావాలి."

సంచీలోంచి నిన్న విడిచిన నూలు చీర తీసి, చెంగు చివర నేనే కత్తిరించి ఇచ్చాను. ఆవిడ దాన్ని కళ్లకద్దుకుని, మిగతా ముక్కల పక్కన పెట్టి కుట్టడం మొదలెట్టింది. నా మనసు కాస్త కుదుటపడింది.

"ఇందులో మీ చీర ముక్క ఏదండీ?" అన్నాను నవ్వుతూ.

"నాది పనికిరాదమ్మా," అని ఆవిడ దారం పళ్లతో కొరికింది.