మీరు తప్ప ఎవరూ రాయని వాక్యం

మా ఆఫీసులో సర్వర్ల గది పక్కనే నా సీటు. ఆ ఫ్యాన్ల హోరు రోజంతా చెవిలో పడుతూనే ఉంటుంది కనుక వినబడదు. మొన్న మరమ్మతు కోసం వాటిని ఆపినప్పుడు ఒక్కసారిగా నిశ్శబ్దం వచ్చి పడింది. టీ గ్లాసు చేతిలో పట్టుకుని అట్లాగే కూర్చుండిపోయాను. చాలా ఏళ్ల కిందట మొయినాబాద్ కాలేజీ ల్యాబులో, రాజ్యలక్ష్మి మేడం సర్వర్ వైరు పీకేసినప్పుడు కూడా అచ్చం ఇట్లాంటి నిశ్శబ్దమే.

అవి ఎవరిని చూసినా కంప్యూటర్ కోర్సులో చేరుతున్న రోజులు. చేవెళ్లలో మాది కిరాణా దుకాణం. డిగ్రీ కాగానే మొయినాబాద్ దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ల్యాబ్ అసిస్టెంటుగా చేరాను. "సిటీ దాక పోయే ఫికర్ లేదు" అని మా బాపు సంబరపడ్డాడు. ల్యాబు బాధ్యతంతా మేడంది. గుంటూరు వైపు మనిషి, భర్త ఉద్యోగం వెంట హైదరాబాదు వచ్చి స్థిరపడ్డారు. ఏసీ చలికి నేత చీర మీద స్వెటర్ వేసుకుని కూర్చునేవారు. మొదట్లో నా మాటలు ఆమెకు కొత్త. "జర ఆగుండ్రి అంటే ఎంతసేపు శ్రీలతా?" అని అడిగారు ఒకసారి. "మీరు పాఠం చెప్పేటంత సేపయితే కాదు మేడం" అన్నాను. ఆ జవాబు స్టాఫ్ రూములో అందరికీ చెప్పి నవ్వారు.

చివరి సంవత్సరం పిల్లల ప్రాజెక్టులన్నీ ఆ ఒక్క సర్వర్‌లోనే ఉండేవి. రెండో కాపీ లేదు. దానికి కావలసిన సామాను కొనమని మేడం అడుగుతూనే ఉన్నారు, వచ్చే ఏడు చూద్దామని యాజమాన్యం అంటూనే ఉంది. ప్రాజెక్టులు ఇచ్చే గడువు దగ్గరపడింది. ఒకరోజు పొద్దున మేడం, చదువైపోయి వెళ్లిన పాత బ్యాచ్ ఫైళ్లు తీసేస్తూ ఒక్క అంకె తప్పు కొట్టారు. పాత బ్యాచ్‌ది ఉండిపోయి, ఈ బ్యాచ్ ఫోల్డర్ పోయింది. పక్కనే ఉన్న నాకు సంగతి అర్థమయ్యేలోపే ఆమె లేచి వైరు పీకేశారు.

"గట్ల పీకితే ఖరాబైతది గద మేడం?"

"తీసేసిన ఫైలు వెంటనే చెరిగిపోదమ్మా. దాని అడ్రసే పోతుంది. మిషన్ నడుస్తుంటే ఆ చోట ఇంకేదో రాసేస్తుంది. అప్పుడు నిజంగా పోయినట్టు."

గొంతు మామూలుగానే ఉంది. పీకిన వైరు మాత్రం ఇంకా చేతిలోనే ఉంది.

ప్రిన్సిపాల్ అంతా విని తలుపు వేయించారు. "కరెంటు వల్ల పోయిందని చెబుదాం మేడం. కాదంటే..." అంటూ నా వైపు చూశారు. ఆ చూపు నాకు అర్థమైంది. ఆ రోజుల్లో అక్కడ కరెంటు మీద ఏ నేరం మోపినా జనం నమ్మేవారు. కరెంటు కాకపోతే అసిస్టెంటు. ఇంట్లో ఎట్లా చెప్పాలా అని అప్పుడే మాటలు వెతుక్కోవడం మొదలుపెట్టాను.

"తీసేసింది నేను సార్. ఈ అమ్మాయి కీబోర్డు ముట్టుకోలేదు" అన్నారు మేడం. "పిల్లలకూ అదే చెబుతాను. వాళ్ల సాయం లేకుండా నేను వెతకలేను."

క్లాసులో నిలబడి ఉన్నది ఉన్నట్టు చెప్పారు. ఒకమ్మాయి ఏడ్చింది. "మరి మా సంగతేంది మేడం?" అని వెనక బెంచీల నుంచి గట్టిగానే అడిగారు. అందరి కోపం అయిపోయేదాకా ఆమె అక్కడే నిలబడ్డారు. తర్వాత అన్నారు: "మీ ప్రోగ్రాములో మీరు తప్ప ఎవరూ రాయని వాక్యం ఒకటి గుర్తు తెచ్చుకోండి. అది దొరికితే దాని చుట్టూ మిగతాది దొరుకుతుంది."

సర్వర్‌లోంచి డిస్కు ఊడదీసి, దానికి పూర్తి నకలు ఇంకో డిస్కులోకి తీశాం. అందులో పేర్లు లేవు, ఫోల్డర్లు లేవు. అన్నీ కలగలిసిపోయిన అక్షరాల కుప్ప. పిల్లలు ఒక్కొక్కరే వచ్చి వాక్యం చెబితే నేను కొట్టేదాన్ని, మిషన్ ఆ కుప్పంతా గాలించేది. చాలామందికి ఏమీ గుర్తులేదు. "ఎక్కడ ఆగిపోయావు? ఎవరిని తిట్టుకుంటూ రాశావు?" అని మేడం కదిలించి కదిలించి అడిగేవారు.

మా దగ్గర్లోనే ఉన్న ప్రొద్దుటూరు అనే పల్లె నుంచి రోజూ వచ్చే మంజుల తల దించుకుని నిలబడింది. ఊళ్లో పాల కేంద్రం కోసం చేసిన ప్రాజెక్టు ఆమెది.

"యాదికుంది గని చెప్పబుద్ధయితలేదు మేడం. నవ్వుతరు."

"నవ్వం, చెప్పు."

"లోపల అన్నిటికి మా బర్రెల పేర్లు పెట్టిన."

ఇంగ్లిషు అక్షరాల్లో 'నల్లపోరి' అని కొట్టాను. చాలాసేపు ఏమీ రాలేదు. ఆ తర్వాత తెర మీద ఒక వరుస పడింది, దాని వెనక ఇంకొకటి, ఆగకుండా పేజీలకు పేజీలు. మంజుల నా కుర్చీ గట్టిగా పట్టుకుంది. మేడం నవ్వలేదు, స్వెటర్ చేతితో కళ్లు తుడుచుకున్నారు.

అందరివీ దొరకలేదు. కొందరివి సగమే వచ్చాయి. ఇమ్రాన్‌ది పూర్తిగా పోయింది. మేడం రోజూ అతని పక్కన కూర్చుని మొదటి నుంచి రాయించారు, గడువు కూడా ఆమే అడిగి పెంచారు. ఆ ఏడు ఆమెకు రావలసిన ప్రమోషన్ రాలేదు. చిల్కూరు ఆటోలు ఆగేచోట బస్సు కోసం నిలబడి ఉన్నప్పుడు, బాధగా లేదా అని అడిగాను.

"ఎందుకుండదూ? చాలానే ఉంది" అన్నారు. "కానీ కరెంటని చెప్పి ఉంటే పిల్లలు ఇళ్లకు పోయి కూర్చునేవాళ్లు. ఎవరి దగ్గరికి వెళ్లి ఏం గుర్తుందని అడిగేదాన్ని?"

కొన్నాళ్లకు ఆమె కాలేజీ మారారు, నేను సిటీలో ఉద్యోగానికి వచ్చాను. ఫోన్లు తగ్గి, ఆగిపోయాయి. ఈ మధ్య మా టీములో కొత్తగా చేరిన అమ్మాయి నేరుగా నా దగ్గరికి వచ్చి, "అక్కా, ఫైళ్లు పోయినయి. నేనే తీసేసిన" అంది. భయపడుతూనే ఉంది, అయినా వేరే ఎవరి పేరూ చెప్పలేదు, కారణాలు వెతకలేదు. నా దగ్గర ఆ మాట అనొచ్చని ఆమెకు ఎట్లా తెలిసిందో నాకు తెలియదు. నాకు ఎవరి దగ్గర తెలిసిందో మాత్రం తెలుసు. కుర్చీ జరిపి కూర్చోమన్నాను. ఇద్దరం కలిసి వెతకడం మొదలుపెట్టాం.